నూనెలో కరిగే సి విటమిన్: నూనెకు కాపలా, ఒంటికి మామూలు పోషకమే

విటమిన్లను నీటిలో కరిగేవి, కొవ్వులో కరిగేవి అని రెండు జట్లుగా చెప్పడం బడి పాఠాల నాటి నుంచి అందరికీ అలవాటైన సంగతి. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరిగి కాలేయంలోనూ కొవ్వు కణజాలంలోనూ నిలవ ఉంటాయనీ, బి జట్టు విటమిన్లూ సి విటమినూ నీటిలో కరుగుతాయనీ, నిలవ ఉండే బి12 వంటి ఒకటి రెండు మినహాయింపులు పోగా వాటిలో ఒంటికి అక్కరలేని మిగులు మూత్రంతో బయటికి పోతుందనీ ఆ పాఠం సారాంశం. ఈ విభజనకు లొంగనట్టు కనిపించే పదార్థం ఒకటి కొంతకాలంగా పోషక మాత్రల బజారులో వినబడుతున్నది; దాని శాస్త్రీయ నామం అస్కార్బిల్ పామిటేట్, అంగడిలో దాని పేరు కొవ్వులో కరిగే సి విటమిన్. మామూలు సి విటమిన్ ఒంట్లో నిలవదనీ, ఇది మాత్రం కణాల కొవ్వు పొరల్లోకి చొచ్చుకుపోయి అక్కడే ఉండి మెదడు దాకా చేరుతుందనీ అమ్మేవారు చెప్పే మాట. ఆ మాటలో నిజమెంత, మాత్రకు పెట్టే డబ్బుకు దక్కే ఫలమెంత అన్నది నగరాల్లోని మందుల దుకాణాలకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. ఇంటికే సరుకు తెచ్చి ఇచ్చే ఆన్‌లైన్ వ్యాపారం పుణ్యమా అని ఎర్రమల కొండల నడుమ ఉన్న బేతంచెర్ల వంటి ఊళ్లకూ ఆ డబ్బాలు వచ్చి చేరగల రోజులివి.

బేతంచెర్ల 2022 ఏప్రిల్ 4 వరకు కర్నూలు జిల్లాలోనూ, ఆ తరువాత నంద్యాల జిల్లాలోనూ ఉన్న పట్టణం. నాపరాళ్ల గనులకూ, బండలు కోసి నునుపు చేసే పాలిష్ ఫ్యాక్టరీలకూ పేరుపడ్డ చోటు. ఎండలో రాయి తవ్వి, రాతిపొడి మధ్య పగలంతా నిలబడి పనిచేసే మనిషికి బలం కావాలి, ఆ బలం ఏ మాత్రలో దొరుకుతుందన్నా ఆశ పుట్టడం సహజం. ఆ ఆశను ఎగతాళి చేయడం న్యాయం కాదు. అది వృథా పోకుండా సరైన దారి చూపడమే పోషకాహార శాస్త్రం చేయవలసిన పని.

మనిషి పోగొట్టుకున్న విద్య

సి విటమిన్ రసాయన నామం అస్కార్బిక్ ఆమ్లం. స్కర్వీ అనే జబ్బును రాకుండా చేసేది అన్న అర్థంలోనే ఆ పేరు పుట్టింది. చర్మాన్నీ, చిగుళ్లనూ, ఎముకనూ, రక్తనాళాల గోడలనూ పట్టి ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తు గట్టిపడాలంటే ఈ ఆమ్లం తప్పనిసరి కనుక, అది నెలల తరబడి అందని మనిషికి చిగుళ్లు ఉబ్బి నెత్తురు కారుతుంది, పాత గాయాలు తిరిగి తెరుచుకుంటాయి, కీళ్లు నొస్తాయి, చివరికి ప్రాణమే పోతుంది. రోజుకు 10 మిల్లీగ్రాములు కూడా అందని స్థితి ఒకటి నుంచి మూడు నెలలు సాగితే స్కర్వీ గుర్తులు బయటపడతాయి.

ఎక్కువ జంతువులకు ఈ బాధ లేదు. గడ్డీ గాదమూ మేసే మేక తన కాలేయంలో గ్లూకోజు నుంచి రోజుకు గ్రాముల లెక్కన సి విటమిన్ తయారు చేసుకుంటుంది. మనిషికీ, కోతులకూ, గినీ పందులకూ, గబ్బిలాల్లో చాలా జాతులకూ ఆ తయారీలో ఆఖరి మెట్టును నడిపే ఎంజైమును ఇచ్చే జన్యువు పరిణామ క్రమంలో చెడిపోయింది. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880 దశకంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వకాలు జరిపినప్పుడు ప్రాచీన జంతువుల ఎముకలు బయటపడ్డాయి. అటువంటి గుహల్లో తలదాచుకున్న తొలి మనుషులు కాయో పండో ఆకో వెతుక్కుంటూ బయటికి పోక తప్పని పరిస్థితికి కారణాల్లో ఈ చెడిపోయిన జన్యువు కూడా ఒకటి. బయట మేసే మేకకు లేని అవసరం దాన్ని కాసే మనిషికి ఉంది.

ఈ అవసరాన్ని ప్రయోగంతో నిరూపించిన తొలి వైద్యుల్లో జేమ్స్ లిండ్ ప్రముఖుడు. 1747లో ఒక బ్రిటిష్ యుద్ధనౌకలో స్కర్వీ సోకిన 12 మంది నావికులను ఇద్దరిద్దరు చొప్పున ఆరు జంటలు చేసి, ఒక్కో జంటకు ఒక్కో మందు ఇవ్వగా, నారింజలూ నిమ్మకాయలూ తిన్న జంటే అందరికంటే ముందు తేరుకున్నది. అయినా ఆ నౌకాదళం నావికులందరికీ నిమ్మరసం ఇవ్వడానికి 1795 దాకా పట్టింది. భారతీయ సైనికులు ఈ జబ్బుకు చెల్లించిన మూల్యం ఇంకా దగ్గరి చరిత్ర: మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో పోరాడిన భారతీయ దళాల్లో వేల మంది స్కర్వీ పాలయ్యారు, ఎందుకంటే వారికి అందిన తిండి ముఖ్యంగా ఎండు ధాన్యమూ పప్పూ మాత్రమే. ఎండు పప్పులో లేని సి విటమిన్ ఆ గింజను నానబెట్టి మొలకెత్తిస్తే పుడుతుందని లండన్‌లోని లిస్టర్ సంస్థలో హారియెట్ చిక్, ఆమె సహచరులు చేసిన పరిశోధన ఆ కాలంలోనే తేల్చింది. మూట కట్టిన పెసలు ఒక రాత్రిలో తెల్లని మొలక పొడుచుకురావడం చూసిన ప్రతి ఇల్లాలూ ఆ మార్పును కంటితో చూసినట్టే.

ఆ పదార్థాన్ని విడిగా బయటికి తీసిన ఘనత హంగేరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జ్యోర్జీది. 1928లో ఎడ్రినల్ గ్రంథుల నుంచి కొద్ది పాళ్లలో దాన్ని వేరు చేసిన ఆయన, తరువాత సెగెడ్ పట్టణంలో పనిచేస్తూ ఆ ప్రాంతపు మిరపకాయల నుంచి దాన్ని పుష్కలంగా రాబట్టగలిగాడు. 1937లో ఆయనకు వైద్యశాస్త్రంలో, దాని నిర్మాణాన్ని తేల్చిన నార్మన్ హావర్త్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయి. మిరపను తిండిలో ఒక భాగంగా కాక తిండి ప్రాణంగా చూసుకునే రాయలసీమ పాఠకుడికి, సి విటమిన్ చరిత్రలో మిరపకాయకు ఇంత పెద్ద పాత్ర ఉండటం తన ఇంటి సంగతిలాగే అనిపిస్తుంది.

తలా తోకా ఉన్న అణువు

అస్కార్బిక్ ఆమ్లం చిన్న అణువు, నీళ్లంటే ప్రాణం పెట్టే అణువు. దాని పొడిని ఒక గ్లాసు నీళ్లలో వేస్తే క్షణాల్లో కరిగిపోతుంది. బుడ్డల నూనెలో వేసి ఎంత గిలకొట్టినా అడుగున ఇసుకలా చేరుతుంది తప్ప కరగదు. దాన్ని నూనెకు అనుకూలంగా మార్చాలంటే నూనెతో పొత్తు కుదిరే వస్తువును దానికి జత చేయాలి. ఆ వస్తువు పామిటిక్ ఆమ్లం. పదహారు కార్బన్ పరమాణువులు వరుసగా కూర్చిన పొడవైన కొవ్వు ఆమ్లం. పామాయిల్‌లో దాని పాలు దాదాపు 44 శాతం, అందుకే ఆ పేరు. నెయ్యిలోనూ, బుడ్డల నూనెలోనూ, మనిషి ఒంటి కొవ్వులోనూ అది సహజంగానే ఉంటుంది. దేశంలో ఆయిల్‌పామ్ తోటలకు ముందు వరుసలో నిలిచిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, ఆ పంట మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ ఏలూరు దగ్గరి పెదవేగిలో ఉంది కనుక, ఈ కొవ్వు ఆమ్లం తెలుగువారికి పరాయి వస్తువు కానే కాదు.

ఒక ఆమ్లమూ, మరో అణువులోని ఆల్కహాలు కొసా కలిసి, మధ్యలోంచి నీటి అణువు ఒకటి తొలగిపోగా ఏర్పడే బంధాన్ని రసాయనశాస్త్రంలో ఎస్టర్ అంటారు. అస్కార్బిక్ ఆమ్లపు ఆరో కార్బన్ దగ్గర పామిటిక్ ఆమ్లాన్ని ఇలా ఎస్టర్ బంధంతో అతికిస్తే వచ్చేదే అస్కార్బిల్ పామిటేట్. ఇప్పుడు ఆ అణువుకు నీటిని కోరే తల ఒకటి, నూనెను కోరే పొడవాటి తోక ఒకటి ఉంటాయి. సబ్బు అణువుకూ ఇదే తీరు. తోక నూనెలో మునిగి, తల నీటి వైపు లేదా గాలి వైపు తిరిగి ఉండటం దాని స్వభావం. కొవ్వులో పూర్తిగా కరిగిపోయే ఎ విటమిన్ వంటిది కాదు ఇది. రెంటి నడుమ సరిహద్దున నిలబడేది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే దాని ఉపయోగమూ దాని పరిమితీ రెండూ తేలికగా అర్థమవుతాయి.

ఇంకొక లెక్క కూడా ఇక్కడే గమనించాలి. అస్కార్బిక్ ఆమ్లం అణుభారం సుమారు 176, పామిటేట్‌గా మారిన తరువాత సుమారు 414.5, అంటే ఈ పదార్థం బరువులో సి విటమిన్ పాలు 42.5 శాతమే, మిగిలినదంతా కొవ్వు తోక బరువు. మాత్రలో 500 మిల్లీగ్రాముల అస్కార్బిల్ పామిటేట్ ఉందంటే అందులో ఉన్న సి విటమిన్ సుమారు 212 మిల్లీగ్రాములని అర్థం.

నూనెలో దాని అసలు కొలువు

ఈ అణువును మొదట ఆదరించింది మాత్రల పరిశ్రమ కాదు, ఆహార పరిశ్రమ. నూనె గాలికీ వెలుతురుకూ వేడికీ గురైనప్పుడు, అందులోని అసంతృప్త కొవ్వు ఆమ్లాల మీద ఆక్సిజన్ దాడి చేసి, ఒక అణువు చెడి పక్క అణువును చెరుపుతూ గొలుసుగా సాగే చర్య మొదలవుతుంది. దాని ఫలితమే నూనె ముక్కిపోవడం, గొంతుకు అడ్డంపడే ఆ ముక్క వాసన. ఇటువంటి గొలుసును మధ్యలో తెంపే పదార్థాలను ఆక్సీకరణ నిరోధకాలు, వాడుకలో యాంటీ ఆక్సిడెంట్లు, అంటారు. అస్కార్బిల్ పామిటేట్ తన తల దగ్గరి హైడ్రోజన్‌ను ఇచ్చి చెడిన అణువును శాంతింపజేస్తుంది. అంతకంటే విలువైన పని మరొకటి చేస్తుంది, నూనెలో సహజంగా ఉండే ఇ విటమిన్ ఇదే పోరులో అలసిపోయినప్పుడు దానికి తిరిగి సత్తువ అందించి మళ్లీ పనిలో పెడుతుంది. మామూలు సి విటమిన్‌కు ఈ గుణం ఉన్నా, నూనెలో కరగదు కనుక అక్కడికి చేరలేదు. తోక ఉన్నందువల్లే దీనికి ఆ చోటు దక్కింది.

ఆహార ప్యాకెట్ల వెనుక సన్నని అక్షరాల్లో 304 అనే అంకె కనిపిస్తే అది అస్కార్బిల్ పామిటేట్‌నే సూచిస్తుంది. వేపుడు చిరుతిళ్లలో, వనస్పతి వంటి కొవ్వుల్లో, పసిపిల్లల పాలపొడిలో కూడా దీన్ని కొద్దిపాళ్లలో వాడటానికి అనుమతి ఉంది; పసిపిల్లల పాలపొడికి సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం, కలిపి తాగించడానికి సిద్ధమైన ప్రతి 100 మిల్లీలీటర్లకు 1 మిల్లీగ్రాము మించరాదంటుంది. చర్మానికి రాసుకునే క్రీముల్లోనూ ఇది వాడుకలో ఉంది.

కర్నూలు సీమలో పొద్దున్నే ఉగ్గానీ మిరపకాయ బజ్జీ అమ్మే బండి దగ్గర ఒక్క ఘడియ నిలిచి బాణలిని చూస్తే ఈ రసాయనమంతా కళ్ల ముందే నడుస్తుంది. తొలి వాయకు నూనె తేట పసుపు రంగులో ఉండి బజ్జీ వేయగానే పెద్ద పెద్ద బుడగలతో పొంగి చప్పున అణగుతుంది. వాయ మీద వాయ దిగేకొద్దీ రంగు తేనెలా, ఆ తరువాత బెల్లపు పాకంలా ముదురుతుంది, చిన్న చిన్న నురుగు అంచుల్లో నిలిచిపోతుంది, పొగ ముందుకంటే తొందరగా లేస్తుంది. ఆ నురుగూ ఆ పొగా నూనె విరిగిందనడానికి గుర్తులు. బాణలి వేడి అంతకంతకూ పెరిగే చోట ఎంతటి నిరోధకమైనా కాసేపే నిలబడుతుంది, తరువాత అదీ విరిగిపోతుంది కాబట్టి, నిరోధకం కలిసిన నూనె కదా అని రోజుల తరబడి అదే నూనెను మరిగించడం ఏ విధంగానూ క్షేమం కాదు. సీసాలో, ప్యాకెట్టులో, డబ్బాలో నిలవ ఉన్న కొవ్వును కాపాడటమే ఈ అణువు అసలు కొలువు. ఆ కొలువులో దానికి వంక పెట్టనక్కరలేదు.

పేగులో జరిగేది

మాత్రల ప్రచారమంతా ఈ సద్గుణాన్ని సీసా నుంచి ఒంట్లోకి యథాతథంగా మోసుకుపోవడం మీద ఆధారపడి ఉంది. నూనెను కాపాడినట్టే కణాల కొవ్వు పొరలను కూడా కాపాడుతుందనే మాట వినడానికి పొందికగానే ఉంటుంది. అయితే సీసాకూ కణానికీ మధ్య జీర్ణాశయం, చిన్నపేగు ఉన్నాయన్న సంగతిని ఆ మాట దాటవేస్తుంది. తిన్న కొవ్వులోని ఎస్టర్ బంధాలను నీటి సాయంతో తెంచడమే క్లోమం నుంచి వచ్చే జీర్ణరసాల నిత్యకృత్యం. దీన్నే జలవిశ్లేషణ అంటారు. నెయ్యినీ నూనెనూ విడగొట్టే ఆ ఎంజైములు అస్కార్బిల్ పామిటేట్ తలనూ తోకనూ కూడా విడదీస్తాయి. నోటి ద్వారా తీసుకున్నదానిలో అధిక భాగం రక్తంలోకి చేరకముందే ఇలా అస్కార్బిక్ ఆమ్లంగానూ పామిటిక్ ఆమ్లంగానూ విడిపోతుంది; ఆ పైన నిమ్మకాయ నుంచి వచ్చిన సి విటమిన్‌కూ దీనికీ తేడా ఏమీ ఉండదు, పామిటిక్ ఆమ్లం నెయ్యి తిన్నప్పుడు వచ్చినదానితో కలిసిపోతుంది. నోటితో తీసుకున్న అస్కార్బిల్ పామిటేట్ మామూలు సి విటమిన్ కంటే ఎక్కువగా మెదడుకో నరాలకో చేరుతుందనడానికి ఆధారం లేదు.

మెదడుకు సి విటమిన్ చేరడానికి అసలు ఈ తోక అవసరమే లేదన్నది మరొక ముఖ్య విషయం. నీటిలో కరిగే ఈ ఆమ్లాన్ని పట్టి లోపలికి చేరవేసే ప్రత్యేక మాంసకృత్తులు మనిషి ఒంట్లో రెండు రకాలున్నాయి. ఒక రకం పేగు గోడలోనూ మూత్రపిండంలోనూ ఉండి లోపలికి తీసుకోవడం, వడపోతలో తిరిగి రాబట్టుకోవడం చూస్తే, మరో రకం మెదడు వంటి అవయవాలకు దాన్ని చేరవేస్తుంది. ఒంట్లో సి విటమిన్ సాంద్రత అత్యధికంగా ఉండే అవయవాల్లో మెదడు ఒకటి. మామూలు తిండి నుంచే, ఈ మామూలు వాకిళ్ల గుండానే అది నిండుతుంది.

ఆ వాకిళ్లకు ఒక హద్దు ఉంది, ఎక్కువ తింటే ఎక్కువ చేరదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో మార్క్ లెవీన్ బృందం ఆరోగ్యవంతులైన యువకులపై చేసి 1996లో ప్రకటించిన అధ్యయనంలో, రోజుకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల దగ్గర రక్తంలోని సి విటమిన్ స్థాయి దాదాపు నిండుకు చేరినట్టు, అంతకు మించి ఇచ్చినా పెరుగుదల చాలా స్వల్పమైనట్టు తేలింది. రోజుకు 30 నుంచి 180 మిల్లీగ్రాముల దాకా తీసుకుంటే అందులో 70 నుంచి 90 శాతం లోపలికి చేరుతుంది. గ్రాము దాటితే సగం కూడా చేరదు, మిగిలింది పేగులోనో మూత్రంలోనో పోతుంది. నిండిన కుండలో నీళ్లు పోసినట్టు.

మార్కెట్లో ఇంకా కొన్ని పేర్లు దీనితో కలగలిసి వినిపిస్తాయి కనుక వాటిని వేరు చేసి చెప్పడం అవసరం. ఎస్టర్ అన్న మాట పేరులో చేర్చుకుని అమ్ముడుపోయే ఒక రకం నిజానికి కాల్షియంతో కలిపిన అస్కార్బేట్ లవణం. అది నీటిలో కరిగేదే, దానికి కొవ్వు తోక లేదు. లైపోసోమ్ రకమని చెప్పేది, మామూలు సి విటమిన్‌ను ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థపు బుడగల్లో చుట్టి తయారు చేసినది. కొన్ని చిన్న అధ్యయనాల్లో దానితో రక్తంలోకి చేరే పాలు కొంత పెరిగినట్టు కనిపించినా, అంతకు ముందే నిండుగా ఉన్న మనిషికి ఆ పెరుగుదల వల్ల జబ్బు తగ్గుతుందనడానికి అది చాలదు.

డబ్బా మీద చదవవలసినవి

భారతదేశంలో ఇటువంటి మాత్రలను మందులుగా కాక ఆరోగ్య పోషకాలుగా లెక్కించి, ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లో ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం డబ్బా మీద ఇది ఔషధంగా వాడదగినది కాదన్న మాట స్పష్టంగా ఉండాలి. ఆ మాట పక్కనే జబ్బు నయం చేస్తుందన్న సూచన కనిపిస్తే ఆ రెంటికీ పొత్తు కుదరదని కొనేవారు గ్రహించాలి. తోకకు వాడిన పామిటిక్ ఆమ్లం చెట్టు నుంచి వచ్చిందా జంతు కొవ్వు నుంచి వచ్చిందా అన్న అనుమానం ఉన్న శాకాహారులు ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసుకోవడం మంచిది. ప్యాకెట్టు మీది అంకె మొత్తం పదార్థం బరువా, అందులోని సి విటమిన్ బరువా అన్నది అన్నిటికంటే ముందు చూడవలసింది. ముందు చెప్పిన 42.5 శాతం లెక్క పనికొచ్చేది అక్కడే.

ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల సంయుక్త నిపుణుల సంఘం ఆహారంలో కలిపే పదార్థంగా దీనికి ఒక పరిమితి పెట్టింది: రోజుకు కిలో ఒంటి బరువుకు 1.25 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి అది 75 మిల్లీగ్రాములు. మాత్రల్లో వందల మిల్లీగ్రాములు ఉండటం ఆ అంకెను దాటినట్టే. అటువంటి పరిమితులను చాలా విశాలమైన రక్షణ హద్దుతో నిర్ణయిస్తారు కనుక దాటిన వెంటనే విషమవుతుందని భయపడనక్కరలేదు, కానీ పొట్టలో మామూలు సి విటమిన్‌గా మారిపోయేదాని కోసం ఆ హద్దు దాటవలసిన అవసరం ఏమిటన్నది ఆలోచించదగిన ప్రశ్న.

సి విటమిన్ ఏ రూపంలో తీసుకున్నా పెద్దలకు రోజుకు 2000 మిల్లీగ్రాములు దాటరాదన్నది సాధారణంగా అంగీకరించిన పై హద్దు; దాటితే విరేచనాలు, కడుపునొప్పి కనిపిస్తాయి. ఎండసీమ మనిషి మరింత జాగ్రత్తగా ఉండవలసిన విషయం ఇంకొకటి ఉంది. ఒంట్లో విరిగిన సి విటమిన్‌లో కొంత ఆక్జలేట్‌గా మారి మూత్రంలోకి వస్తుంది, మూత్రపిండాల్లో రాళ్లకు ఎక్కువగా మూలమయ్యేది ఈ ఆక్జలేటే. స్వీడన్‌లో సుమారు 23 వేల మంది పురుషులను పదకొండేళ్లపాటు గమనించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో, సి విటమిన్ మాత్రలు విడిగా వాడేవారిలో రాళ్ల ముప్పు దాదాపు రెట్టింపు కనిపించింది. చెమట ఏరులై కారే పనిలో, తాగే నీళ్లు చాలక మూత్రం చిక్కబడే వేసవిలో, గనుల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ శ్రమించేవారికి పెద్ద మోతాదు మాత్రలు మేలు కంటే కీడు దగ్గరగా ఉండే వస్తువులు. ముందే రాళ్లున్నవారూ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారూ, ఒంట్లో ఇనుము పేరుకుపోయే తలసేమియా వంటి వ్యాధులున్నవారూ డాక్టరును అడగకుండా వీటి జోలికి పోరాదు.

జలుబుకు సి విటమిన్ విరుగుడన్న నమ్మకం, నోబెల్ గ్రహీత లైనస్ పాలింగ్ 1970లో రాసిన పుస్తకంతో ప్రపంచమంతా పాకింది. ఆ తరువాత జరిగిన అనేక ప్రయోగాలను కలిపి పరిశీలించిన సమీక్షలు, రోజూ మాత్ర వేసుకున్నా సాధారణ జనంలో జలుబు రావడం తగ్గదనీ, వచ్చిన జలుబు పెద్దల్లో సుమారు 8 శాతం, పిల్లల్లో సుమారు 14 శాతం తక్కువ కాలం ఉంటుందనీ తేల్చాయి. మారథాన్ పరుగు వంటి తీవ్రమైన శారీరక శ్రమలో ఉన్నవారికి మాత్రం జలుబు ముప్పు సగానికి తగ్గింది.

ఊరి అంగడిలో దొరికే సి

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు విచారణ కోసం రాబర్ట్ మెక్‌కారిసన్ చేతిలో పుట్టి, 1958లో హైదరాబాదుకు చేరిన సంస్థ; దేశ ప్రజలకు ఏ పోషకం ఎంత కావాలో నిర్ణయించేది అదే. ఆ సంస్థ 2020 లెక్కల ప్రకారం వయోజన పురుషుడికి రోజుకు 80 మిల్లీగ్రాములు, స్త్రీకి 65, గర్భిణికి 80, బిడ్డకు పాలిచ్చే తల్లికి 115 మిల్లీగ్రాముల సి విటమిన్ కావాలి. బీడీ, సిగరెట్టు తాగేవారికి ఇంకా కొంత ఎక్కువ కావాలి, పొగ ఈ విటమిన్‌ను వేగంగా ఖర్చు చేయిస్తుంది కనుక.

ఆ లెక్క నిండటానికి బేతంచెర్ల మనిషి దూరం పోనక్కరలేదు. వంద గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా సి విటమిన్ ఉంటుంది. అంటే మధ్యరకం జామకాయ ఒక్కటి, గింజలతో సహా కొరికి తింటే, ఇంటిల్లిపాదిలో ఎవరికైనా ఆ రోజుకు సరిపోయి మిగులుతుంది. ఉసిరిలో ఇంకా ఎక్కువ; దాని పులుపూ వగరూ సి విటమిన్‌ను తొందరగా చెడనివ్వవు కాబట్టి ఎండబెట్టినా, ఊరగాయ పెట్టినా కొంతైనా మిగులుతుంది. మునగాకులో వంద గ్రాములకు వంద మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, పచ్చిమిరపలోనూ దాదాపు అంతే. ఎర్రమల, నల్లమల కొండల సీతాఫలాలూ, బొప్పాయీ, టమాటా, నిమ్మా కూడా తమ వంతు ఇస్తాయి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బనగానపల్లె మామిడి కూడా నంద్యాల జిల్లాదే. సి విటమిన్‌లో జామకు సాటి రాకపోయినా పండు కాలమంతా ఇంటింటా తినే పండు కనుక దాని పాలూ తక్కువేమీ కాదు.

వండటంలో పోయేది ఎంతో తెలిసి వండితే ఇందులో చాలా భాగం మిగిల్చుకోవచ్చు. సి విటమిన్‌కు శత్రువులు వేడి, గాలి, నీళ్లు, రాగి. మునగాకును చిన్న చిన్న ముక్కలు తరిగి, గంటలు నానబెట్టి, ఉడికించిన నీళ్లు పారబోస్తే అందులోని విటమిన్‌లో చాలా వరకు ఆ నీళ్ల వెంటే పోతుంది. కడిగిన తరువాత తుంచి, మూతపెట్టి కొద్ది నీళ్లతో మగ్గించి, ఆ రసాన్ని కూరలోనే ఇగరనిస్తే ఎక్కువ మిగులుతుంది. రాగి పాత్రలో నిమ్మరసం కలిపి ఉంచడం మంచిది కాదు. ఎండిన మిరపకాయలో పచ్చిదానిలో ఉన్నంత సి విటమిన్ మిగలదు కనుక, గొడ్డుకారంతో పాటు పచ్చిమిరప పచ్చడి కూడా కంచంలో ఉండటం మేలు.

ఈ సీమ తిండికి సి విటమిన్ చేసే ఇంకొక పెద్ద సాయం ఇనుముకు సంబంధించినది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. జొన్న రొట్టెలోనూ, రాగి సంగటిలోనూ, కొర్ర అన్నంలోనూ, ఆకుకూరల్లోనూ ఉండే ఇనుము మాంసంలోని ఇనుమంత సులువుగా ఒంటికి పట్టదు. అదే భోజనంలో సి విటమిన్ ఉంటే పేగు ఆ ఇనుమును గ్రహించే తీరు బాగా మెరుగవుతుంది. అదే భోజనంలో అన్నది ఇక్కడ కీలకం. పొద్దున ఎప్పుడో వేసుకున్న మాత్ర మధ్యాహ్నపు సంగటిలోని ఇనుముకు చేయలేని సాయం, ఆ సంగటి పక్కన పిండిన నిమ్మచెక్క చేస్తుంది. భోజనం వెంటనే తాగే టీ ఇందుకు విరుద్ధంగా ఇనుమును అడ్డుకుంటుంది కాబట్టి, ఒక గంట ఆగి తాగడం ఖర్చు లేని వైద్యం.

మాత్ర ఎవరికి

ఇంత చెప్పినంత మాత్రాన సి విటమిన్ మాత్రకు లోకంలో చోటే లేదని అర్థం కాదు. పళ్లూ కూరలూ నమలలేక అన్నం, మజ్జిగలతోనే సరిపెట్టుకునే ముసలివారికీ, మద్యానికి బానిసై తిండి మానినవారికీ, శస్త్రచికిత్స తరువాత కోలుకునేవారికీ, చిగుళ్ల నుంచి నెత్తురు కారుతూ స్కర్వీ అనుమానం ఉన్నవారికీ డాక్టరు సలహా మీద మాత్ర అవసరం అవుతుంది. అప్పుడు కూడా కావలసింది మామూలు అస్కార్బిక్ ఆమ్లపు మాత్రే. అది మందుల దుకాణంలో కొద్ది రూపాయలకే దొరుకుతుంది. పులుపు కడుపులో మంట పెడుతున్నవారికి సోడియం లేదా కాల్షియం అస్కార్బేట్ ఉంది. నూనెలో కరిగే రకం కోసం రెట్టింపు, మూడింతల ధర పెట్టవలసిన కారణం శాస్త్రం ఇంతవరకు చూపలేదు.

ఒక పదార్థానికి సీసాలో ఉన్న గుణం ఒంట్లోనూ ఉంటుందనుకోవడమే ఈ మొత్తం వ్యవహారంలో జరిగే పొరపాటు. అస్కార్బిల్ పామిటేట్ తోక నూనెలో దానికి చోటు సంపాదించి పెట్టింది. ఆ తోకను పేగు తెంచేస్తుంది కనుక ఒంట్లో ఆ చోటు దానికి దక్కదు. కూలి డబ్బుల్లోంచి మిగిల్చిన ప్రతి రూపాయికీ విలువ ఉన్న ఊళ్లో, ఈ తేడాను విడమరిచి చెప్పడం పోషకాహారం గురించి చెప్పే వారందరి బాధ్యత. పొద్దున బండి దగ్గర ఆకులో పెట్టిచ్చిన ఉగ్గాని మీద పిండిన నిమ్మచెక్క, సాయంత్రం పని దిగి ఇంటికి పోతూ పిల్లల కోసం కొన్న నాలుగు జామకాయలు, ఆ ఇంటికి కావలసిన సి విటమిన్ అంతా ఇస్తాయి.